జడ్జీల గదిలో అరగంట

ఫస్ట్ లెగో లీగ్ పోటీలో రోబో బల్ల మీద ఆడే ఆట రెండున్నర నిమిషాలు. మొత్తం మార్కుల్లో దాని వాటా పావు వంతు. మిగిలిన ముప్పావు వంతు రోబో డిజైన్, ఇన్నోవేషన్ ప్రాజెక్టు, కోర్ వాల్యూస్ అనే మూడు భాగాలది. వాటి సంగతి చాలావరకు తేలేది ఒక మూసిన గదిలో, ఇద్దరు ముగ్గురు జడ్జీల ఎదుట, సుమారు అరగంటలో. అయినా మన విశాఖ జట్లు కాలమంతా బల్ల చుట్టూనే ఖర్చు పెడతాయి. చివరి వారంలో ఎవరికో గది సంగతి గుర్తొస్తుంది. ఓ టీచరు ప్రశ్నలూ జవాబులూ టైప్ చేసి జిరాక్సులు పంచుతారు. పిల్లలు వాటిని సోషల్ స్టడీస్ నోట్సు చదివినట్టు చదువుతారు. గదిలోకి వెళ్లాక జడ్జి మొదటి ప్రశ్న కాగితంలో ఉన్నదే అడుగుతాడు, రెండోది మాత్రం పిల్లాడు ఇచ్చిన జవాబులోంచే పుట్టిస్తాడు. కాగితం అక్కడితో ఆగిపోతుంది.

ఈ అధ్యాయం ఆ రెండో ప్రశ్న కోసం రాస్తున్నాను. జట్టును నడిపించే టీచర్లూ, అమ్మానాన్నలూ, తీరికగా ఉండి పిల్లలకు సాయపడే పెద్దవాళ్లూ దీన్ని చదవాలి. నేను చెప్పదలిచింది ఒక్కటే. జడ్జీల ప్రశ్నలకు సిద్ధం కావడమంటే జవాబులు తయారు చేసుకోవడం కాదు. పని చేసేటప్పుడే, ప్రతి మలుపులోనూ నిర్ణయం పిల్లలే తీసుకునేలా చూడడం. నిర్ణయం వాళ్లదైతే దాని వెనకాల కారణం వాళ్ల నోట్లోనే ఉంటుంది. మీదైతే ఎన్ని వారాలు రిహార్సల్ చేయించినా లాభం ఉండదు.

ఈ పోటీ గురించి తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. అమెరికాలో డీన్ కామెన్ అనే ఇంజనీరు 1989లో ఫస్ట్ సంస్థ పెట్టాడు. 1998లో లెగో కంపెనీతో కలిసి చిన్నపిల్లల కోసం ఈ లీగ్ మొదలైంది. 9 నుంచి 16 ఏళ్ల పిల్లలు, జట్టుకు ఎక్కువలో ఎక్కువ పది మంది. ఇలాంటిదే ఇంకో పోటీ, వరల్డ్ రోబో ఒలింపియాడ్, 2004లో మొదలైంది, 2016లో దాని ప్రపంచ ఫైనల్ మన దేశంలోనే జరిగింది. అందులో ఫ్యూచర్ ఇన్నోవేటర్స్ విభాగంలోనూ పిల్లలు తమ పని చూపించి జడ్జీల ప్రశ్నలకు నిలబడాలి. ఇవేవీ మీ స్కూలుకు అందుబాటులో లేకపోయినా ఈ అధ్యాయం మీదే. 2016లో నీతి ఆయోగ్ మొదలుపెట్టిన అటల్ టింకరింగ్ ల్యాబుల్లో 6 నుంచి 12 తరగతుల పిల్లలు సెన్సర్లతో పని చేస్తున్నారు. ఇన్‌స్పైర్ మానక్ పథకం కింద 10,000 రూపాయలు అందుకుని జిల్లా ప్రదర్శనలో నమూనా పెట్టిన ప్రతి పిల్లా ఎదుర్కొనే మొదటి ప్రశ్న ఒకటే: ఇది నువ్వు చేసిందేనా?

ముందు మార్కుల కాగితం చదవండి

లెగో లీగ్‌లో జడ్జీలు మార్కులు వేసే పట్టికను రూబ్రిక్ అంటారు. అది రహస్య పత్రం కాదు, సీజన్ మొదట్లోనే అందరికీ దొరుకుతుంది. రోబో డిజైన్‌కీ ఇన్నోవేషన్ ప్రాజెక్టుకీ అందులో ఐదేసి మెట్లుంటాయి: సమస్యను గుర్తించడం, ప్రణాళిక వేయడం, తయారు చేయడం, పరీక్షించి బాగుచేయడం, వివరించి చెప్పడం. ప్రతి అంశానికీ ఒకటి నుంచి నాలుగు దాకా. జట్టు అనుకున్న దానికి మించి చేసిందని నాలుగు వేస్తే, ఎందుకు వేశారో జడ్జి రాయాలి. ఇది గుర్తుంచుకోండి. పిల్లలు ఆ జడ్జి చేతికి రాయడానికి వీలైన ఒక నిర్దిష్టమైన సంగతి ఇవ్వాలి. “బాగా కష్టపడ్డాం సార్” అంటే ఆయన రాయడానికేం లేదు.

ఆ కాగితాన్ని సీజన్ మొదటి వారంలోనే పిల్లలతో కూర్చుని తెలుగులో చదవండి. ఒక్కో గడి దగ్గర ఆగి, “దీనికి మన దగ్గర ఏం చూపిస్తాం?” అని అడగండి. మొదట్లో ఏమీ ఉండదు. ఉండకపోవడమే మంచిది, ఇక నుంచి ఏం పోగుచేసుకోవాలో వాళ్లకే తెలుస్తుంది. తయారు చేయడం కంటే పరీక్షించి బాగుచేయడం అనే గడి దగ్గర జట్లు ఎక్కువ తడబడతాయి. రోబోను మార్చిన ప్రతిసారీ పాతది విప్పేస్తారు, ఫొటో ఉండదు, రాసి ఉండదు. డిసెంబరులో రోబోకి ఉన్న చెయ్యి సెప్టెంబరులో ఎలా ఉండేదో ఎవరికీ గుర్తుండదు.

అందుకే పుస్తకం కావాలి. స్టీల్ ప్లాంటులో షిఫ్టు మారేటప్పుడు దిగేవాళ్లు లాగ్‌బుక్ రాసి ఎక్కేవాళ్లకు అప్పగిస్తారు. ఏం ఆగింది, ఎందుకు ఆగింది, ఏం చేశాం, ఇంకా ఏం మిగిలింది. అలంకారాలుండవు. మీ జట్టు పుస్తకం కూడా అలాగే ఉండాలి. తేదీ, ఎవరెవరు వచ్చారు, ఏం చేసి చూశాం, ఏమైంది, అందుకని ఏం మార్చాం. రోజుకు నాలుగైదు వరుసలు చాలు. ఆ రోజు పని చేసినవాళ్లే రాయాలి, చేతిరాత బాగుంటుందని ఒకే అమ్మాయికి అప్పగించవద్దు. పోటీ ముందు రోజు స్కెచ్ పెన్నులతో, పూల బార్డర్లతో కొత్త పుస్తకం తయారు చేయించే అలవాటు మన స్కూళ్లలో బలంగా ఉంది. దయచేసి ఆపండి. నూనె మరక పడ్డ, కొట్టివేతలున్న పుస్తకాన్ని పిల్ల చేతిలోంచి తీసుకుని తిరగేస్తే జడ్జికి పని జరిగిన తీరు కళ్లకు కడుతుంది.

ఐదు చుట్లు ఎందుకు?

ఇప్పుడు ఒక ప్రశ్నను దగ్గర్నుంచి చూద్దాం. గదిలో చిన్న బల్ల మీద రోబో ఉంది. ఎనిమిదో తరగతి అమ్మాయి దాని పక్కన నిలబడి ఉంది.

“మీ రోబో ఆ నల్ల గీత దాకా ఎలా వెళ్తుందమ్మా?”

“మోటార్ ఐదు చుట్లు తిరుగుతుంది మేడమ్.”

“ఐదే ఎందుకు?”

గది మొత్తంలో విలువైన ప్రశ్న ఇదే. కోడ్ పెద్దవాళ్లు రాసిచ్చి ఉంటే ఇక్కడ నిశ్శబ్దం. లేకపోతే చూపు తలుపు వైపు, టీచర్ వైపు. కోడ్ తనే రాసుకున్న పిల్ల మాత్రం ఇలా చెబుతుంది:

“చక్రం అడ్డంగా 5.6 సెంటీమీటర్లు మేడమ్. పైతో గుణిస్తే ఒక్క చుట్టుకి 17.6 వెళ్తుంది. గీత 88 సెంటీమీటర్ల దూరంలో ఉంది. భాగిస్తే ఐదొచ్చింది. కానీ ఐదు పెడితే ఒక్కోసారి గీత రాకముందే ఆగిపోయేది. బ్యాటరీ అనుకున్నాం. ఫుల్ చార్జింగ్ పెట్టినా అంతే. చక్రం జారుతోందేమో అని వీడు అన్నాడు. స్పీడు తగ్గిస్తే కొంచెం నయమైంది. చక్రాలకి దుమ్ము పట్టింది, తుడిస్తే ఇంకొంచెం నయమైంది. అయినా నమ్మకం కుదరక కలర్ సెన్సర్ పెట్టాం. ఇప్పుడు నాలుగున్నర చుట్లు జోరుగా వెళ్లి, తర్వాత మెల్లగా వెళ్తూ నలుపు కనబడగానే ఆగుతుంది.”

“హాల్లో లైట్లు మీ స్కూల్లో లాగా లేకపోతే?”

“పోటీ బల్ల దగ్గరే తెలుపూ నలుపూ మళ్లీ చదివించి ఆ నంబర్లు పెట్టుకుంటాం మేడమ్. పొద్దున్నే అదే చేశాం.”

ఈ జవాబులో పెద్ద మాటలు లేవు. “అధునాతన అల్గారిథమ్” లేదు. లెక్క ఉంది, ఆ లెక్క తప్పిన సందర్భం ఉంది, అనుమానం ఉంది, అనుమానం నిజమో కాదో చూసిన పద్ధతి ఉంది. తోటివాడు అన్న మాటను వాడి పేరు మీదే చెప్పింది, జట్టుగా పని చేశారనడానికి అంతకంటే మంచి రుజువు ఉండదు. ఇన్ని సంగతులు ఒక్క నిమిషంలో వచ్చేశాయి. దీన్ని ఎవరూ రాసివ్వలేరు. రాసిస్తే, వచ్చే సంవత్సరం ఇంకో పిల్ల కూడా ఇదే చెబుతుంది, జడ్జి పసిగడతాడు.

మీరు చేయాల్సింది సెప్టెంబరులోనే ఉంది. రోబో గీత ముందు ఆగిపోయిన రోజున మీకు కారణం తెలిసే ఉంటుంది. “చక్రాలు తుడవండ్రా” అనడానికి నాలుక దురద పెడుతుంది. అనకండి. “ఎందుకు ఆగిందనుకుంటున్నారు? అది నిజమో కాదో ఎలా తెలుసుకుంటారు?” అని మాత్రం అడిగి టీ తాగడానికి వెళ్లండి. ఆ మధ్యాహ్నం వృథా అయినట్టే కనిపిస్తుంది. కాదు. ఆ గంట తర్జనభర్జనే ఆ అమ్మాయి జడ్జికి చెప్పిన జవాబు.

ప్రశ్నల్లో రకాలెన్నో ఉన్నట్టుంటాయి గానీ, తరచి చూస్తే కొన్ని మూలాల దగ్గరికే వస్తాయి. ఎందుకిలా చేశారు, పని చేస్తుందని ఎలా తెలుసు, ఇంకేం చేసి చూశారు, ఎవరు చేశారు, మళ్లీ చేస్తే ఏం మారుస్తారు. వారానికోసారి, మీటింగ్ ముగిసే ముందు, ఆ రోజు చేసిన పని మీద ఈ ప్రశ్నల్లో ఏవో రెండు అడిగి ఇంటికి పంపండి. మాక్ ఇంటర్వ్యూ అని పేరు పెట్టకండి, వరసలో నిలబెట్టకండి. పెన్సిల్ బాక్సులు సర్దుకుంటూ చెప్పనివ్వండి. జనవరి వచ్చేసరికి జవాబివ్వడం వాళ్లకు మాట్లాడటంలో భాగమైపోతుంది.

తాబేలు, వల, సరంగు

ఇన్నోవేషన్ ప్రాజెక్టులో ఐదు నిమిషాలు పిల్లలు చెబుతారు, ఐదు నిమిషాలు జడ్జీలు అడుగుతారు. ఏటా ఒక అంశం ఇస్తారు, అందులోంచి జట్టు ఒక సమస్యను ఎంచుకోవాలి. 2021-22లో సరుకు రవాణా, 2024-25లో సముద్రం, 2025-26లో పురావస్తు తవ్వకాలు. విశాఖ పిల్లలకు ఇంతకంటే కలిసొచ్చే అంశాలు ఎవరిస్తారు? 1933లో మొదలైన పోర్టు ఇక్కడుంది. జలాంతర్గామి కురుసుర ఆర్కే బీచ్ ఒడ్డునే మ్యూజియంగా నిలబడి ఉంది, అందులో గైడ్లుగా ఉండేది నౌకాదళంలో చేసి రిటైరైనవాళ్లు. తొట్లకొండ మీది బౌద్ధారామంలో 1988 నుంచి 1993 దాకా తవ్వకాలు జరిగాయి, 2019 అక్టోబరు వానలకు అక్కడి మహాస్తూపంలో కొంత భాగం కూలింది. ఒక్కో వాక్యంలో ఒక్కో ప్రాజెక్టు ఉంది.

అయినా చాలా జట్లు సమస్యను గూగుల్‌లో వెతుకుతాయి. ఎక్కడో పసిఫిక్ మహాసముద్రంలో తేలే ప్లాస్టిక్ గురించి స్లైడ్లు చేస్తాయి. “మీరెవరితో మాట్లాడారు?” అని జడ్జి అడిగితే చెప్పడానికి మనిషి ఉండడు.

ఉదాహరణకు తాబేళ్లనే తీసుకోండి. ఏటా చలికాలం చివర ఆలివ్ రిడ్లే తాబేళ్లు మన తీరానికి గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఆ నెలల్లోనే చచ్చిన తాబేళ్లు కూడా బీచ్‌కి కొట్టుకొస్తాయి. ట్రాల్ వలలో చిక్కుకుని, ఊపిరి కోసం పైకి రాలేక చచ్చిపోయేవి వాటిలో ఎన్నో. పిల్లలకు కడుపు తరుక్కుపోతుంది, వెంటనే ఒక పరికరం ఆలోచిస్తారు. వల గొంతు దగ్గర ఊచల చట్రం బిగిస్తాం, రొయ్యలు ఊచల మధ్యలోంచి లోపలికి పోతాయి, తాబేలు ఊచలకు తగిలి పై కంతలోంచి బయటపడుతుంది. మంచి ఆలోచన. బొమ్మ వేస్తారు, లెగోతో నమూనా చేస్తారు. జడ్జి అడుగుతాడు: “ఇలాంటిది ఇప్పటికే ఉందా?”

ఉంది. టెడ్ అంటారు. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ, అంటే సిఫ్ట్, మన బోట్లకు సరిపడేలా ఒక రకం తయారు చేసింది. ఇలాంటి కట్టుబాటు లేకుండా పట్టిన సముద్రపు రొయ్యల్ని అమెరికా దిగుమతి చేసుకోదు కూడా. ఇదంతా పిల్లలకు ఆ గదిలో మొదటిసారి తెలిస్తే వాళ్ల ప్రాజెక్టు వాళ్ల కళ్ల ముందే కూలిపోతుంది, ఏడుపొస్తుంది. ముందే తెలిస్తే అదే ప్రశ్న వాళ్లకు గొప్ప తలుపు తెరుస్తుంది: ఉన్న వస్తువును బోటువాళ్లు ఎందుకు బిగించుకోవడం లేదు?

దానికి జవాబు నెట్‌లో అరకొరగా దొరుకుతుంది, ఫిషింగ్ హార్బర్‌లో పూర్తిగా దొరుకుతుంది. వెళ్లేవేళ మాత్రం చూసుకోండి. తెల్లారగట్ల బోట్లు చేరి వేలంపాట సాగుతున్నప్పుడు ఎవరికీ తీరికుండదు, పిల్లలు కాళ్లకడ్డం పడతారు. పని సద్దుమణిగాక, వలలు బాగుచేసుకుంటూ కూర్చునే వేళకు వెళ్లండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా చేపల వేట నిషేధం కాబట్టి ఆ రోజుల్లో బోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి, బోటు నడిపే సరంగులూ, కళాసీలూ బోలెడు కబుర్లు చెబుతారు. పోటీ సీజన్ ఆగస్టులో మొదలవుతుందని అప్పటిదాకా ఆగక్కర్లేదు. ఈ ఏడాది అంశం ఏదైనా, హార్బర్‌లో మనుషులతో మాట్లాడటం పిల్లలకు ముందే అలవాటవుతుంది. టెడ్ మాటెత్తితే “చేప కూడా ఆ కంతలోంచే ఎల్లిపోతే మేమేటి తినాల?” అనే మాట పిల్లలు వినాలి. అది విన్నాక వాళ్ల ప్రాజెక్టు మారిపోతుంది. కొత్త చట్రం కనిపెట్టాలన్న తపన తగ్గి, కంతలోంచి నిజంగా ఎంత చేప పోతుందో సరంగు తన కళ్లతో చూసేలా ఏం చేయగలమన్న ఆలోచన వస్తుంది. ఆ కంత దగ్గర చిన్న కెమెరానా, లెక్కపెట్టే సెన్సరా, ఉప్పునీళ్లలో ఎన్నాళ్లు నిలుస్తుంది, ఖర్చెంత, ఎవరు పెట్టుకుంటారు?

ఇప్పుడు జడ్జి “ఇది ఇప్పటికే ఉందా” అని అడిగితే పిల్లవాడు ధైర్యంగా అంటాడు: “ఉంది సార్. సిఫ్ట్ వాళ్లు చేశారు. మా ఊరి బోటువాళ్లతో మాట్లాడితే చేప పోతుందని భయపడుతున్నారు. అందుకని మేం దాని మీద పని చేశాం.” ఈ నాలుగు వాక్యాల్లో పరిశోధన, మనుషులు, సొంత ఆలోచన అన్నీ ఉన్నాయి. పాండురంగాపురంలో సముద్ర మత్స్య పరిశోధన సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది, ఆంధ్రా యూనివర్సిటీ ఉంది. అక్కడి శాస్త్రవేత్తలకు ముందుగా ఉత్తరం రాయించి వెళ్లండి, ఉత్తరం పిల్లలే రాయాలి. కాకపోతే సరంగు దగ్గరికి వెళ్లకుండా శాస్త్రవేత్త దగ్గరికి మాత్రం తీసుకెళ్లవద్దు. సమస్య అనుభవించేవాడి మాట విన్నాకే శాస్త్రవేత్తను ఏం అడగాలో తెలుస్తుంది. మాట్లాడి వచ్చాక, నమూనా మార్చాక, మళ్లీ వాళ్లకు చూపించండి. వాళ్లేమన్నారో, దానివల్ల ఏం మారిందో రాసుకోండి. రూబ్రిక్‌లో దీనికి ప్రత్యేకంగా గడి ఉంది, చాలా జట్లకు అది ఖాళీ.

మాట్లాడే పిల్ల, మాట్లాడని పిల్లాడు

ప్రతి జట్టులోనూ ఇంగ్లిష్ ధారాళంగా వచ్చిన ఒకరుంటారు. పెద్దవాళ్లు తెలియకుండానే మొత్తం గదిని వాళ్ల భుజాల మీద పెడతారు. రోబోకి చెయ్యి బిగించిన పిల్లాడు, అసలు మోటార్ ఎక్కడ పెట్టాలో తేల్చినవాడు, వెనకాల చేతులు కట్టుకుని నిలబడతాడు. జడ్జీలకు ఇది కొత్త కాదు. ఎంచుకుని మరీ ఆ వెనకాల పిల్లాడినే అడుగుతారు, ఎందుకంటే అందరికీ పని వచ్చా లేదా అన్నది వాళ్లు చూడాల్సిన అంశం.

దీనికి నేను నమ్మే మందు ఒకటుంది. నెలకోసారి పనులు తారుమారు చేయండి. కోడ్ రాసినవాడు చెయ్యి గురించి చెప్పాలి, చెయ్యి బిగించినవాడు కోడ్ ముందు కూర్చుని ఒక్కో వరుసా ఏం చేస్తోందో చదవాలి. తెలియని చోట పక్కవాడిని అడిగి తెలుసుకుంటాడు. మొదటిసారి గందరగోళమే. తర్వాత తర్వాత పిల్లలు ఒకరికొకరు నేర్పుకోవడం మొదలుపెడతారు, అది మీరు నేర్పే దానికంటే బాగా నిలుస్తుంది.

భాష సంగతి. తెలుగు మీడియం పిల్లలకు, ఇంట్లో తెలుగే మాట్లాడే ఇంగ్లిష్ మీడియం పిల్లలకు కూడా, ఆలోచన తెలుగులో తెగాలి. ముందు తెలుగులో తడుముకోకుండా చెప్పగలిగితే దాన్ని ఇంగ్లిష్‌లో పొట్టి వాక్యాలుగా చెప్పడం కష్టం కాదు. వరస తిరగబడితే, అంటే ఇంగ్లిష్ వాక్యం ముందు నేర్చి అర్థం తర్వాత వెతుక్కుంటే, రెండో ప్రశ్నకే దొరికిపోతారు. ఏ భాషలో జవాబివ్వొచ్చో నిర్వాహకులకు ముందే రాసి అడగండి. తెలిసిన సాంకేతిక పదాలు ఎలాగూ ఇంగ్లిష్‌వే కాబట్టి, “చక్రం వైపు గేర్ చిన్నది పెట్టాం సార్, స్పీడు పెరిగింది, బలం తగ్గింది” అన్న వాక్యంలో అర్థం కానిదేమీ ఉండదు. వెనకబెంచీ పిల్లాడు అలా చెప్పి బయటికొచ్చిన రోజున వాడి నడకే మారుతుంది. ఆ మార్పు కోసమే కదా మనం ఇదంతా చేస్తున్నది.

బయటి మనిషిని పిలవండి

పోటీకి నెల ముందు నుంచి రోబోను ఎప్పుడూ చూడని మనిషిని ఒకరిని వారం వారం పిలవండి. మన ఊళ్లో వాళ్లకేం కొదవ? గాజువాక, మల్కాపురం వైపు ఏ వీధిలో చూసినా స్టీల్ ప్లాంటులో, షిప్‌యార్డ్‌లో చేసి రిటైరైన ఫిట్టరో వెల్డరో ఉంటారు. ఆటోనగర్‌లో లేత్ మీద పని చేసే మనిషి మీ పిల్లల గేర్లను చేతిలోకి తీసుకుని “ఇక్కడ ఆట ఉందేంటి?” అని అడుగుతాడు, ఆ వదులు వల్లే రోబో పక్కకు లాగుతోందని పిల్లలు అప్పుడు గ్రహిస్తారు. పని తెలిసినవాళ్లే కాదు, ఏమీ తెలియని అమ్మమ్మ కూడా కావాలి. అమ్మమ్మకు అర్థమయ్యేలా చెప్పగలిగితే జడ్జికీ అర్థమవుతుంది.

వచ్చిన పెద్దలకు ముందే ఒక మాట చెప్పండి: మెచ్చుకోవద్దు, పాఠం చెప్పవద్దు, అడగండి, జవాబు వచ్చేదాకా ఆగండి. మన పెద్దలకు ఆగడమే కష్టం. పిల్ల ఐదు సెకన్లు ఆలోచిస్తే వీళ్లే అందిస్తారు. అందించవద్దని మీరు గట్టిగా చెప్పాలి.

తెలియని ప్రశ్న కూడా వస్తుంది. రావాలి. మన బడుల్లో “తెలియదు” అనడం తప్పు కిందే లెక్క, అందుకని పిల్లలు ఏదో ఒకటి కల్పిస్తారు, కల్పించింది అక్కడికక్కడే పట్టుబడుతుంది. “అది మేం కొలవలేదు సార్. కొలవాలంటే పది సార్లు నడిపి ఎన్నిసార్లు తప్పిందో చూస్తాం” అని చెప్పడం నేర్పండి. ఇంజనీర్లు రోజూ ఇలాగే మాట్లాడతారు. దీనికి మార్కులు తగ్గవు, చాలాసార్లు పెరుగుతాయి.

కోర్ వాల్యూస్ ప్రశ్నలు ఇంకో రకం. “మీలో గొడవ వస్తే ఏం చేస్తారు?” అని అడిగితే పిల్లలు కోరస్‌గా “మాకు గొడవలు రావు సార్” అంటారు. జడ్జి నమ్మడు, నమ్మకూడదు కూడా. పది మంది పిల్లలు ఆరు నెలలు ఒక బల్ల దగ్గర ఉంటే గొడవ రాకుండా ఎలా ఉంటుంది? ఎవరి డిజైన్ పెట్టాలన్న దగ్గర వచ్చిన అసలు గొడవను, అది తేలిన తీరును చెప్పనివ్వండి. రెండు డిజైన్లూ కట్టి, చెరో పదిసార్లు నడిపి, ఎక్కువసార్లు పని చేసింది ఉంచుకున్నామని చెబితే అదే జట్టుతనం. ఆ గొడవలో ఓడిపోయిన పిల్లవాడే దాన్ని చెబితే ఇంకా మంచిది. ఆట బల్ల దగ్గర రెఫరీ కూడా పిల్లల ప్రవర్తనను గమనించి మార్కులు వేస్తాడని వాళ్లకు గుర్తుచేయండి. పక్క జట్టు కేబుల్ మరిచిపోతే ఇవ్వడం నాటకంలా ఉండకూడదు. అలవాటుగా ఉండాలి.

ఆ రోజు

పోటీ హైదరాబాద్‌లో అనుకుందాం. రాత్రంతా గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో ప్రయాణం, పైబెర్తుల మీద కబుర్లు, నిద్ర అంతంతమాత్రం. వీలైతే ఒక రోజు ముందే చేరండి. రోబోను చేతి సంచిలో ఉంచండి, సామాన్ల కింద పెట్టవద్దు. కోడ్ కాగితం మీద ప్రింట్ తీసి పెట్టుకోండి, ల్యాప్‌టాప్ మొరాయించినా పిల్లలు వరుసల మీద వేలు పెట్టి చూపించగలుగుతారు. విప్పేసిన పాత చెయ్యి ఒకటైనా అలాగే ఉంచి తీసుకెళ్లండి. కొత్తదీ పాతదీ పక్కపక్కన పెట్టి చూపిస్తే ఏం మారిందో చెప్పడానికి సగం మాటలు అక్కర్లేదు.

గదిలోకి మిమ్మల్ని రానిచ్చినా మీరు నోరు మెదపకూడదు. అది నియమం. దానికంటే కష్టమైనది ముఖం మెదపకపోవడం. పిల్ల తప్పు చెప్పినప్పుడు మీ కనుబొమలు లేస్తాయి, ఆమె చూస్తుంది, ఆగిపోతుంది. వెనక కుర్చీలో కూర్చుని జట్టు పుస్తకం వైపు చూస్తూ ఉండండి. అది చేతకాదనుకుంటే బయటే ఉండండి.

బయటికొచ్చాక “ఏమడిగారు? నువ్వేం చెప్పావు? అలా ఎందుకు చెప్పావు?” అని చుట్టుముట్టకండి. తల్లిదండ్రులకు ఇది ముందే చెప్పి ఉంచండి. ముందు ఏదైనా తిననివ్వండి. ఆ సాయంత్రం, పిల్లలే గుర్తుచేసుకుంటూ, జడ్జీలు అడిగిన ప్రశ్నలన్నీ పుస్తకంలో రాయాలి. జవాబులు అక్కర్లేదు, ప్రశ్నలు చాలు. తర్వాత జడ్జీల రూబ్రిక్ చేతికొస్తుంది. ముందు ట్రోఫీ వచ్చిందా లేదా అని కాక, ఏ గడిలో ఎంత పడింది, పక్కన ఏం రాశారు అన్నది పిల్లల చేత గట్టిగా చదివించండి. ఎక్కడ తక్కువ పడిందో ఆ గడి కిందికి, తాము రాసుకున్న ప్రశ్నల్లో ఏది వస్తుందో వాళ్లనే తేల్చమనండి. ఆ రెండు కాగితాలూ పిన్ను కొట్టి కొత్త పుస్తకంలో మొదటి పేజీకి అతికించి, వచ్చే సీజన్ మొదటి మీటింగ్‌లో కొత్తగా చేరిన పిల్లలకు వాటిని ఈ పిల్లల చేతే చెప్పించండి.